శేషఫణి నోటి లాగింగ్ లెవెల్

శేషఫణి పనిచేసే కంపెనీ, సాఫ్ట్‌వేర్‌కు పెట్టినట్టే ఉద్యోగుల నోళ్లకూ స్ట్రక్చర్డ్ లాగింగ్ అనే, ప్రతిదీ విడగొట్టి నమోదు చేసే పద్ధతి పెట్టింది. అప్పటినుంచి వాళ్లు ఏం చెప్పినా స్థాయి, పని, ఫలితం అంటూ విడివిడిగా వస్తోంది. మనుషులు ఇష్టమొచ్చినట్టు మాట్లాడితే తర్వాత వెతకడం కష్టమని సర్క్యులర్‌లో రాశారు. అది సబబేనని అందరూ ఒప్పుకున్నారు.

అతని భార్య హైమవతికి మొదట్లో హాయిగానే ఉండేది.

"ఉప్మా ఎలా ఉంది?"

"స్థాయి: హెచ్చరిక. పని: ఉప్మా. ఫలితం: ఉప్పెక్కువ."

పెళ్లయ్యాక అతను అంత స్పష్టంగా ఏదీ చెప్పి ఎరగడు.

ఒక శనివారం పొద్దున బయటికెళ్లిన మనిషి ఎండ చల్లబడ్డాక వచ్చాడు.

"ఎక్కడికెళ్లారు?"

"స్థాయి: సమాచారం. పని: బయట తిరుగుడు. ఫలితం: సఫలం."

ఆ 'సఫలం' ఆమెకు ముల్లులా గుచ్చుకుంది. మర్నాడూ అదే మాట, ఆపై వారమూ అదే. చొక్కా వాసన చూసింది, ఫోను చూసింది. ఏమీ దొరకలేదు. దొరకకపోవడంతో అనుమానం ఇంకా పెరిగింది.

సోమవారం కంపెనీకే వెళ్లి, లాగింగ్ విభాగంలో ప్రసూనాంబ అనే అధికారిణిని నిలదీసింది.

"ఆయన ఏదో దాస్తున్నారండీ."

"దాయడం కుదరదమ్మా. చిన్న చిన్న సంగతులు డీబగ్ అనే అడుగు లెవెల్లో ఉంటాయి. ఖర్చెక్కువని దాన్ని ఆపేశాం, అంతే. ఆయనకు తెరవమంటారా?"

తెరవమంది.

ఆ సాయంత్రం శేషఫణి సోఫాలో కూర్చుని, ఎవరూ అడక్కుండానే మొదలుపెట్టాడు.

"స్థాయి: డీబగ్. పని: మెట్రోలో ఆ చివరి నుంచి ఈ చివరికి ప్రయాణం. కారణం: ఇల్లు. స్థాయి: డీబగ్. పని: తలుపు ముందు నిలబడటం. కారణం: లోపల ఏం మాట్లాడాలో తెలియదు. స్థాయి: డీబగ్. పని: హైమ నవ్వితే నవ్వడం. ఫలితం: విఫలం. గమనిక: ఆమె గుర్తించలేదు."

అతని ముఖంలో కోపం లేదు, బాధా లేదు. వాతావరణ వార్తలు చదివినట్టు చదువుతూనే ఉన్నాడు. ఇంకో ఆడదెవరైనా ఉంటే ఎంత బాగుండేదని హైమవతికి అనిపించింది. వంటింట్లోకి వెళ్లి కుళాయి పూర్తిగా తిప్పింది. అయినా వినిపిస్తూనే ఉంది.

మర్నాడు ఆఫీసు తెరవకముందే వెళ్లి గేటు దగ్గర నిలబడింది.

"పాత లెవెల్‌కే మార్చెయ్యండి," అంది, తెరవగానే ప్రసూనాంబ బల్ల ముందుకెళ్లి.

"అందరూ అదే అడుగుతారమ్మా." ప్రసూనాంబ మీట నొక్కి తలెత్తింది. "కుటుంబ సభ్యులకు ఉచితం. మీకూ పెట్టమంటారా?"

తన డీబగ్‌లో ఏమేముంటాయో హైమవతికి తెలుసు.

"పెట్టండి. సమాచారం వరకే."

ఇప్పుడు ఆ ఇంట్లో గొడవల్లేవు. అన్నాల దగ్గర ఇద్దరూ ఒకరి కళ్లలోకి ఒకరు నిదానంగా చూసుకుంటారు.

"పని: రోజు. ఫలితం: సఫలం," అంటాడతను.

"సఫలం," అంటుందామె.

ఏ లాగింగూ పెట్టించుకోని పక్క ఫ్లాట్ల దంపతులు కూడా సరిగ్గా అంతే మాట్లాడుకుంటారు.