మంత్రిగారి మొక్కకి డ్రైవర్ని

"ఏడాది తిరిగేసరికి ఈ గడ్డ మీద నీడ లేని మనిషి ఉండడు!" అని పచ్చదనం శాఖ మంత్రిగారు ఏసీ హాల్లో గర్జించారు. టార్గెట్ పన్నెండు వేల మొక్కలు. అన్నీ సారు స్వహస్తాలతోనే. అంతటి మహానుభావుడి కాన్వాయ్‌లో మూడో బండి నాది. వెనక సీట్లో మనుషులెవరూ ఉండరు, మొక్క ఉంటుంది.

ఒకటే మొక్క. నల్ల ప్లాస్టిక్ సంచిలో, సీటు బెల్టు పెట్టుకుని దర్జాగా కూర్చుంటుంది. ఊరు రాగానే గుంటలో దించుతాను. సారు పార పట్టుకుంటారు, ఫొటో, చప్పట్లు. సారు కారెక్కగానే సంచితో సహా పైకి తీసి మళ్లీ బండిలో పెడతాను. అలా రోజుకి నలభై ఊళ్లు.

"ఊరికో కొత్త మొక్క పెడితే ఎండిపోతాయయ్యా. ఇదైతే మన సర్వైవల్ రేటు వందకి వంద!" అనేవారు పీఏగారు. ఆ బుర్రకి దండం పెట్టాలి.

"ఇన్నాళ్లూ మనుషుల్ని తిప్పావు, నీకిది ప్రమోషనే" అని మా ఆవిడ ఎకసెక్కాలాడేది.

ఒకరోజు ఓ బడికి వెళ్లాం. ఆవరణలో గడ్డిపోచ కూడా లేదు. పిల్లలు గోడ వారన జానెడు నీడ కోసం ఒకళ్లనొకళ్లు తోసుకుంటున్నారు. పంతులమ్మ నా బండి దగ్గరికొచ్చింది.

"బాబూ, పోయినేడూ గుంట తవ్వి వెళ్లిపోయారు. అందులో పడి ఓ పిల్ల కాలు విరగ్గొట్టుకుంది. ఈసారైనా మొక్కని వదిలి వెళ్లరూ?"

"ఇది గవర్నమెంటు మొక్కమ్మా. సాయంత్రం దాకా ప్రోగ్రాములున్నాయి దీనికి."

"నీకు పిల్లలున్నారా?"

"ఇద్దరమ్మా."

ఆవిడ గోడ వారన తోసుకుంటున్న పిల్లల వైపు చెయ్యి చూపించి వెళ్లిపోయింది.

సారు ఫొటో దిగి కారెక్కారు. నేను గుంటలోకి వంగి, సంచి చింపి పారేసి, మట్టి కప్పేసి, ఏమీ ఎరగనట్టు వచ్చి బండెక్కాను. ఖాళీ సీటుకి బెల్టు కూడా పెట్టాను.

తర్వాతి ఊళ్లో బ్యాండు మోగుతోంది. సారు పార పట్టుకుని నిలబడ్డారు. పీఏగారు నా బండి తలుపు తీశారు.

"మొక్కేదిరా?"

"ఇందాకటి దాకా ఇక్కడే ఉందండీ!"

ఇంకో మొక్క తెమ్మని శాఖకి ఫోన్ చేశారు. శాఖలో ఇంకో మొక్క లేదు. పీఏగారు నెత్తీ నోరూ కొట్టుకుని, నన్ను చొక్కా పట్టుకుని పోలీస్ స్టేషన్‌కి లాక్కెళ్లారు.

"ఎన్ని మొక్కలు పోయాయి సార్?" అని అడిగాడు కాగితం ముందేసుకున్న హెడ్ కానిస్టేబుల్.

"ఒక..." అని నాలిక్కరుచుకుని, రిజిస్టర్ తిరగేసి, "పదకొండు వేల నాలుగు వందల ఆరు" అన్నారు పీఏగారు.

హెడ్ కానిస్టేబుల్ నోరెళ్లబెట్టి నా వైపు తిరిగాడు. "ఒక్కడివి అన్ని చెట్లు ఎక్కడ దాచావురా?"

"దాచలేదు సార్. అన్నీ బడిలోనే ఉన్నాయి. మొత్తం అన్నిటికీ కలిపి రోజుకి రెండు చెంబుల నీళ్లు పోస్తే చాలు."