మంత్రిగారు కుడి పెట్టె దగ్గర నిలబడ్డారు

"నా పాలనలో చిట్టెలుకకు కూడా అన్యాయం జరగనివ్వను!" అని విజ్ఞాన శాఖ మంత్రిగారు నిండు సభలో ప్రకటించారు. చప్పట్లతో సభ దద్దరిల్లింది. అంతవరకూ ఎలుకలకు అన్యాయం జరుగుతోందని ఎవరికీ తెలియదు. ఎవరికీ తెలియని అన్యాయాన్ని పసిగట్టడమే గొప్ప నాయకుల లక్షణం. ఆయన ఆ ముక్క అనేశాక ఎలుకలెక్కడున్నాయో వెతికే బాధ్యత అధికారుల మీద పడింది. వెతగ్గా వెతగ్గా ప్రభుత్వ ప్రయోగశాలలో దొరికాయి.

ఆ ప్రయోగశాలకు డైరెక్టరు స్వయానా మంత్రిగారి బావమరిది. అంతకుముందు ఆయన చేపల అభివృద్ధి సంస్థను నడిపారు. అక్కడి చేపలన్నీ అభివృద్ధి చెంది ఎటో వెళ్లిపోయాక ఇక్కడికొచ్చారు.

ఎలుకల బాగోగులు చూసేది మాత్రం ఒక పరిశోధక విద్యార్థిని. ఆమె డాక్టరేటుకు ఒకే ఒక్క అధ్యాయం మిగిలింది. ఈ ప్రయోగం గట్టెక్కితే పట్టా చేతికొస్తుంది. చెడిపోతే మళ్లీ ఎలుక పిల్లల్ని పెంచడం దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

"నీ ఎలుకలకు మనవలు పుట్టారు, మునిమనవలు పుట్టారు. నీ చదువుకే మోక్షం లేదే తల్లీ" అని వాళ్లమ్మ రోజూ అన్నం పెడుతూ అంటుంది. ఆ మాటకు ఆ పిల్ల నవ్వేస్తుంది.

మంత్రిగారి రాక సందర్భంగా గోడలకు రంగులు వేశారు. ఎలుకల గదిలోకి వెళ్లాలంటే గౌను, టోపీ, చెప్పులకు తొడుగులు వేసుకోవాలి. మంత్రిగారు అన్నిటికీ ఒప్పుకున్నారు గానీ చేతిలోని పూలగుత్తిని వదలనన్నారు.

"ఇది లేకుండా నన్నెవరు గుర్తుపడతారయ్యా?" అన్నారు.

లోపలికి వెళ్లే వస్తువేదైనా ఆవిరి యంత్రంలో శుద్ధి కావాల్సిందే. పూలగుత్తిని ఆవిరికి పెట్టారు. ఉడికిన ఆకుకూరై బయటికొచ్చింది. ఆ మహానుభావుడు మొహం చిట్లించకుండా దాన్నే గుండెలకు హత్తుకుని లోపలికి నడిచారు. వెలుతురు బాగుందని కెమెరా అతను ఆయన్ను కుడి పెట్టె పక్కన నిలబెట్టాడు.

"చెప్పమ్మా, వీటికేం ఇస్తున్నారు?"

"సార్, వీటన్నిటి ఒంట్లోనూ చిన్న కణితి ఉందండి. ఎలుక ఒంట్లో టీ కణాలని కూడా ఉంటాయి, కాపలావాళ్లన్నమాట. ఎడమ పెట్టెలోవాటికి శుద్ధి చేసిన యాంటీబాడీ ఇస్తాం. అది వెళ్లి ఆ కాపలావాళ్లకే అతుక్కుని, వాళ్లను లేకుండా చేస్తుంది. అప్పుడు కణితి పెరిగిందనుకోండి, ఇన్నాళ్లూ దాన్ని అణిచిపెట్టింది వాళ్లేనని తేలుతుంది."

"మరి ఈ కుడి పెట్టెకో?"

"వీటికీ యాంటీబాడీయే సార్. అంతే శుద్ధి, అంతే మోతాదు. కాకపోతే ఇది దేనికీ అతుక్కోదు, ఏ పనీ చేయదు. పోల్చి చూసుకోవడానికి."

"ఏ పనీ చేయనిదానికి మళ్లీ అంత శుద్ధి ఎందుకమ్మా?"

"పైకి అచ్చం పనిచేసేదానిలాగే ఉండాలి కదండీ."

మంత్రిగారు ఎందుకో ఒకసారి బావమరిది వంక చూశారు.

"సరే, ఏ ఎలుక ఏ పెట్టెలోకో తేల్చిందెవరు?"

"చీటీలు వేశాం సార్."

"చీటీలా!" మంత్రిగారి కళ్లు చెమర్చాయి. కెమెరా దగ్గరికి వచ్చేవరకు అలాగే చెమర్చి ఉన్నాయి. "కొందరికి అసలు మందు, కొందరికి ఉత్తుత్తి మందు, అదీ లాటరీలో! నా కళ్లముందే ఇంత ఘోరమా? అందరికీ అసలుదే వెయ్యండి. ఇప్పుడే, ఇక్కడే!"

"సార్, అది మందు కాదండీ, అది వేస్తే ఒంట్లో కాపలా..."

"నువ్వుండమ్మా" అని డైరెక్టరుగారు అడ్డుపడ్డారు. "బావ మాట్లాడుతున్నప్పుడు సైన్సు మాట్లాడకూడదు."

ఆ పిల్ల సూది చేతిలోకి తీసుకుంది. రెండు పెట్టెలకూ ఒకటే వేస్తే ఇక పోలికెక్కడిది? మూడేళ్ల చాకిరీ బూడిదలో పోసిన పన్నీరే. ఎదురుగా రెండు సీసాలున్నాయి. రెండింట్లోనూ నీళ్లలాంటి ద్రవమే. ఏది ఏదో ఆ గదిలో ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. దేవుడి మీద భారం వేసి, కుడి పెట్టె ఎలుకలకు ఏ పనీ చేయనిదే ఎక్కించింది. మంత్రిగారు చప్పట్లు కొట్టారు. సమానత్వం వచ్చేసింది.

కొన్నాళ్లకు ఫలితం రానే వచ్చింది. ఎడమ పెట్టెలో కణితులు ఉబ్బాయి. కుడి పెట్టె ఎలుకలు నిక్షేపంగా చిందులేస్తున్నాయి. ఆమె కోరుకున్నది అచ్చం అదే. డైరెక్టరుగారికి మాత్రం ముచ్చెమటలు పోశాయి.

"రెండిటికీ ఒకటే వేశాం కదమ్మా! మరి కుడివాటికి మాత్రం ఏమీ కాలేదేం?"

నిజం చెబితే మంత్రిగారి ఆజ్ఞ ధిక్కరించినట్టు. ఉన్న సీటు కూడా ఊడుతుంది. డైరెక్టరుగారు పచార్లు చేసి చేసి ఠక్కున ఆగారు.

"ఆ రోజు బావ ఎక్కడ నిలబడ్డాడు?"

"కుడి పెట్టె దగ్గర సార్."

"అదీ సంగతి!"

మర్నాడు పేపర్లన్నీ మంత్రిగారి సాన్నిధ్యంలో కణితులు కరుగుతాయని రాశాయి. తెల్లారకముందే ఆయన ఇంటి ముందు జనం బారులు తీరారు. ఆయన ఓపిగ్గా ఒక్కొక్కరి పక్కనా నిలబడ్డారు. పార్టీలో ఎదుటి వర్గంవాళ్లు కూడా మొహమాటపడుతూ వచ్చి కుడివైపు నిలబడ్డారు. ఆమె చివరి అధ్యాయానికి డైరెక్టరుగారే పేరు పెట్టారు: 'కణితులపై మంత్రిగారి సాన్నిధ్య ప్రభావం'.

ఆ పూట ఇంట్లో ఆ పిల్ల కంచం ముందు కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది.

"నేను కనిపెట్టింది నిజం అమ్మా. దాని కింద నా పేరుతో అబద్ధం రాయమంటున్నారు."

"ఏడిస్తే ఏమొస్తుందే? ముల్లును ముల్లుతోనే తియ్యాలి. ఆ ఎలుకలకు చేసినట్టే ఆయనకూ చెయ్యి" అంది వాళ్లమ్మ.

మర్నాడు ఆమె డైరెక్టరుగారి గదికి వెళ్లింది.

"సార్, పోలిక లేనిదే పైదేశాలవాళ్లు నమ్మరు. మంత్రిగారికీ ఒక పోలిక కావాలి. పైకి అచ్చం ఆయనలాగే ఉండాలి, ఏ పనీ చేయకూడదు."

డైరెక్టరుగారు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "గేటు దగ్గర బావ కటౌటుంది" అన్నారు.

కటౌటును స్పిరిటుతో తుడిచి ఎడమ పెట్టె దగ్గర నిలబెట్టారు. కుడి పెట్టె దగ్గర మంత్రిగారు కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఈసారి పెట్టెల్లోకి కణితులున్న కొత్త ఎలుకల్ని తెచ్చి, వేటికీ ఏమీ వేయలేదు. టీ కణాలు వాటి పని అవి చేసుకున్నాయి. రెండు పెట్టెల్లోనూ ఎలుకలు సమానంగా గంతులేశాయి. ఇంతటితో ఈ పిచ్చి వదులుతుందని ఆమె హమ్మయ్య అనుకుంది.

డైరెక్టరుగారు ఎగిరి గంతేశారు. "చూశావా! బావ ఎంత పని చేశాడో కటౌటూ అంతే చేసింది!"

వారం తిరగకుండా ఆసుపత్రులకు, ఆఫీసులకు, బడులకు కటౌట్లు వెళ్లాయి. "అంటే నేను లేకపోయినా పని ఆగదన్నమాట!" అని మంత్రిగారు పొంగిపోయి విశ్రాంతికి సముద్రతీరానికి వెళ్లారు. ఒక కటౌటు ఆయన కుర్చీలో కూర్చుంది.

ఆమెకు ఇక తెగింపు వచ్చేసింది. ఏ సీసా ఏ పెట్టెకు వేసిందీ ఉన్నదున్నట్టు రాసి, థీసిస్ పట్టుకుని మంత్రిగారి కార్యాలయానికి వెళ్లింది. ఆయన ఆమోదం లేనిదే అది బయటికి పోదు. డైరెక్టరుగారు ఆమెను లోపలికి తీసుకెళ్లి, కటౌటు ముందు వినయంగా నిలబడ్డారు.

"బావా, ఆ రోజు ఈ అమ్మాయి మీ మాట వినలేదట. కుడి పెట్టెకు ఉత్తుత్తిదే వేసిందట. కణితుల సంగతి టీ కణాలే చూసుకుంటాయట, మీ ప్రమేయమేమీ లేదట. అచ్చు వేయించుకుంటానంటోంది."

గదిలో ఫ్యాను తిరుగుతోంది. డైరెక్టరుగారు మర్యాదకు కాసేపు ఆగి, ముద్ర తీసి ఠపీమని కొట్టారు.

"కాదనలేదు. ఈ మధ్య బావ చాలా మారిపోయాడమ్మా. విసుక్కోడు, పెండింగులో పెట్టడు, ఎంతసేపు చెప్పినా వింటాడు."

ఆమె థీసిస్‌ను పొదివి పట్టుకుని బయటికొచ్చింది. వరండాలో ఎండకు కమిలిన మొహంతో, చేతిలో సూట్‌కేసుతో మంత్రిగారు నిలబడి ఉన్నారు. తలుపు దగ్గర జవాను ఆయన్ను ఆపేశాడు.

"సార్ లోపల పనిలో ఉన్నారండీ. అలా బెంచీ మీద కూర్చోండి, పిలుస్తారు."

మంత్రిగారు కూర్చున్నారు. ఆమెను చూసి కాస్త ఆశగా ముందుకు వంగారు.

"ఏమ్మా, చాలాసేపు పట్టేలా ఉందా?"

"లేదు సార్" అంది ఆమె. "ఇప్పుడు త్వరగానే తేల్చేస్తున్నారు."