అలక తీర్చే కంప్యూటర్ కార్డు

ఉమ్మడి కుటుంబాలను కాపాడే శక్తి ఈ దేశంలో ఇక ఒక్క వస్తువుకే ఉంది. పెద్దల మాటకు ఆ శక్తి పోయి చాలాకాలమైంది. కోర్టులకు తీరిక లేదు. మిగిలింది కంప్యూటర్ పెట్టెలో బిగించే, అప్పడమంత కార్డు!

నవ్వకండి. నేను డిగ్రీ చదివినదాన్ని, ఆధారం లేనిదే మాట్లాడను. ఆధారం హన్మకొండ చౌరస్తా దగ్గర, సారంగపాణి గారి వీడియో స్టూడియోలో, ఏసీ గదిలో ఉంది. చెప్పులు బయట విడిచి, లోపలికి వెళ్లి చూడవచ్చు. గుడి తరువాత మా ఊళ్లో చెప్పులు విడిపించే చోటు ఇప్పటికి అదొక్కటే.

పెళ్లి కేసెట్ల మీద పేర్లు వేయడానికి ఆయన కంప్యూటర్ కొన్నాడు. మొదట్లో దానికొక జబ్బు ఉండేది. తెర మీద పెళ్లి నడుస్తుంటే పేర్లు టైపు చేయనిచ్చేది కాదు. పేర్లు టైపు చేయబోతే పెళ్లి కొయ్యబారిపోయేది. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే, లడ్డూ కోసం తెరిచిన నోరు తెరిచినట్టే! పాపం, ఉన్నది ఒక్క మెదడు. ఎన్ని పనులని చేస్తుంది?

ఈ ఏడాది ఆయన బొంబాయి నుంచి ఈ కార్డు తెప్పించాడు. బొమ్మలు గీసే చాకిరీ అంతా ఇక కార్డుది. మెదడుకు విశ్రాంతి. దాంతో ఒకే తెర మీద ఒక డబ్బాలో పెళ్లి నడుస్తుంది, పక్క డబ్బాలో పేర్లు టైపవుతాయి, ఇంకో దాంట్లో గులాబీలు రాలతాయి, మూలన గడియారం తిరుగుతుంది. అన్నీ ఒకేసారి! డబ్బాను ఆయన విండో అంటాడు. మా ఇంట్లో మాత్రం డబ్బా అనే స్థిరపడింది.

ఈ సంగతి విన్నాకే నాకు మా వారు అర్థమయ్యారు. ఆయన పేపరు చదువుతూ నేను చెప్పే ప్రతి మాటకూ ఊ కొడతారు. ఇన్నేళ్లూ వింటున్నారనుకున్నాను. ఊ కొట్టే పనికి లోపల వేరే కార్డు ఉందనీ, మెదడు దాకా ఏదీ పోవడం లేదనీ ఇప్పుడు తెలిసింది. సైన్సు వల్ల సంసారానికి లాభం లేదని ఎవరనగలరు?

ఇదే కార్డు మున్సిపాలిటీకి బిగించండి. ఒక డబ్బాలో ధర్మసాగర్ చెరువు నీళ్లు, ఇంకో డబ్బాలో మా నల్లా. రెండూ ఒకే తెర మీదనైనా కలుసుకుంటాయి! అసెంబ్లీకి బిగించండి. అందరూ ఒకేసారి మాట్లాడవచ్చు. ఇప్పుడూ మాట్లాడుతున్నారనుకోండి, కార్డు లేక ఊరికే వేడెక్కుతున్నారు.

అవి దేశానికి పనికొచ్చే మాటలు. మా ఇంటికి అది చేసిన మేలు చెబుతాను.

మాది బట్టల దుకాణం నడిపే కుటుంబం. మా వాళ్లు నష్టాన్ని ఓర్చుకుంటారు, ఎండను ఓర్చుకుంటారు, పెళ్లి ఆల్బంలో చివరి పేజీని మాత్రం ఓర్చుకోరు. మా ఆడబిడ్డ సోమక్క ఫోటోను ఒక పెళ్లి ఆల్బంలో విస్తరాకుల కట్టల ఫోటో పక్కన అంటించారు. అప్పటినుంచి ఆ పెళ్లివారింట్లో ఆమె మంచినీళ్లు కూడా ముట్టలేదు. మా వారి మేనమామ సాంబయ్య గారు, తన ముఖం సగమే పడిందని, ఫోటో తీసినవాడు ఉండే వీధిలోంచి నడవడమే మానేశారు. ఆల్బంలో మొదటి పేజీ ఉంటుంది, చివరి పేజీ ఉంటుంది. ఇంకేం, అలక ఉంటుంది! అదే తెర మీదైతే? అందరూ ఒకేసారి, ఒకేచోట. ముందూ లేదు, వెనుకా లేదు.

మా మరిది రాంచందర్ పెళ్లికి అందుకే సారంగపాణిని పిలిచారు.

ఆ పెళ్లికి పిల్ల తల్లి రాలేకపోయింది. ములుగు దగ్గర పొలం గట్టు మీద జారిపడి మొగిలమ్మ కాలు విరిగింది. పెళ్లినాటికి ఆమె దవాఖానలో, కాలుకు కట్టుతో, మంచం మీద ఉంది. ఆ ముహూర్తం తప్పితే మళ్లీ శ్రావణం దాకా లేదన్నారు. కానియ్యండని ఆమే అన్నది. ఒక్కటే కోరింది. నా బిడ్డ మెడల పుస్తె కట్టంగ జర నాకు చూపియ్యుండ్రి అని. మా వాళ్లంతా తలూపారు. కేసెట్ తీయిస్తున్నాం గదా, దాంట్లనే చూద్దువు అన్నారు.

సారంగపాణి పీటల మీది జంట వరకే పట్టి పెళ్లిని పెళ్లిగా తీశాడు, మా వాళ్ల ముఖాలు ఒక్కొక్కటీ విడిగా తీశాడు. తరువాత అందరూ ఆ ఏసీ గదికి బయలుదేరారు, తెర నిండా నడిచే పెళ్లి మీద ఎవరి డబ్బా ఎక్కడ ఉండాలో చెప్పడానికి.

మా అత్తగారు పెద్దావిడ కనుక పెద్ద డబ్బా అడిగారు. న్యాయమే. సోమక్క, తల్లి పక్కనే తన డబ్బా ఉండాలంది. అలా పెడితే తల్లి డబ్బా అంచు తన చెంప మీదికి వచ్చిందని, తనదాన్ని పైకి తెమ్మంది. మేనమామ అన్నవాడు పీటల దగ్గర ఉండాలి గదా అని సాంబయ్య గారు సరిగ్గా పీటల మీదే దిగారు. ఇలాంటి చిన్నవిషయాలు తనకు పట్టవని దారి పొడుగునా చెప్పిన మా వారు, చివర్లో సారంగపాణి చెవి దగ్గరికి వంగి, నాది చిన్నదైనా పర్వాలేదు, నడుమ ఉండాలె అన్నారు.

సారంగపాణి దేనికీ కాదనలేదు. కార్డున్నది, ఫికర్ లేదు అన్నాడు.

కేసెట్ వచ్చిన రోజు హాల్లో చాపలు పరిచి అందరం కూర్చున్నాం. ఏం శోభ! అత్తగారు నవ్వుతున్నారు, సోమక్క పైట సర్దుకుంటోంది, సాంబయ్య గారు కండువా దులుపుకుంటున్నారు, మా వారు ఊ కొడుతున్నారు. అన్నీ ఒకేసారి, ఒక్క బొమ్మా ఆగలేదు. చూసేవాళ్లూ అలాగే ఉన్నారు. ఎవరి కళ్లు వాళ్ల డబ్బా మీదే. ఇంత శాంతిగా మా కుటుంబం ఒకచోట కూర్చోవడం నేను కాపురానికి వచ్చాక చూడలేదు.

గట్టిమేళం మోగింది. సోమక్క డబ్బాకూ మా వారి డబ్బాకూ మధ్య ఉన్న సందులోంచి నాలుగు అక్షింతలు రాలాయి.

పుస్తె కట్టడం అయిపోయిందన్నమాట.

"పెండ్లి కేసెట్ అంటే గిట్లుండాలె," అన్నారు అత్తగారు.

ఎవరికీ అలక లేదు. ఎవరికీ లోటు లేదు. నా వెనక కూర్చున్న కొత్త కోడలు స్వరూప మాత్రం కొంచెం ముందుకు వంగి, నాకొక్కదానికే వినబడేలా అడిగింది.

"అక్కా, మా అమ్మకు పంపేది గిదేనా?"

దర్జీ దగ్గర జాకెట్టు తెస్తానని చెప్పి మర్నాడు నేను చౌరస్తాకు వెళ్లాను. చెప్పులు విడిచి లోపలికెళ్లి, పెళ్లి ఏమైందని సారంగపాణిని అడిగాను.

"పెండ్లి యాడికి పోతది మేడమ్? ఎనక నడుస్తనే ఉన్నది. మీద ఎన్ని డబ్బలు పెట్టినా ఎనకది ఆగదు."

వెనక ఉన్నది ఆగదన్న సంగతి నాకు సైన్సు చెప్పనక్కర్లేదు. మా వంటిల్లు హాలుకు వెనకే ఉంది.

తియ్యవస్తుందా అన్నాను. ఎందుకు రాదని మీట నొక్కాడు. సాంబయ్య గారు పోయారు. పీటలు కనబడ్డాయి. ఇంకోసారి నొక్కితే సోమక్క పోయింది, ఒక్క మాట అనకుండా! మా వారు పోయారు. నిజం చెప్పొద్దూ, అక్కడ సారంగపాణి చేత ఆ మీట రెండుసార్లు నొక్కించుకుని చూశాను. చివరికి అత్తగారు కూడా, అంత పెద్ద డబ్బాతో సహా, చిటికెలో మాయమయ్యారు. ఇల్లు కదలలేదు, దుకాణం మూతపడలేదు, ఎవరూ పుట్టింటికి ప్రయాణం కట్టలేదు.

ఇప్పుడు చెప్పండి, ఇంతటి మహోపకారం చేసిన యంత్రం ఇంకొకటుందా? ఊరందరికీ తెరలో ఇంత చోటు చూపించిన తెలివి అలా ఉంచండి. అత్తింటివారిని ఒక్కొక్కరినే, మర్యాద చెడకుండా పక్కకు తప్పించే మీట నాకు తెలిసి పురాణాల్లో కూడా లేదు. అలాంటిదొకటి వంటింటి గోడకు, స్విచ్చుల బోర్డు పక్కన బిగించే వీలుంటుందా అని అడిగాను. సారంగపాణి నవ్వాడు. ఆయనకూ పెళ్లయిందట.

డబ్బాలు లేని కేసెట్ ఒకటి చేయించుకుని నేనూ స్వరూపా ములుగు బస్సెక్కాం. తల్లిని చూసి రావడానికని ఇంట్లో చెప్పాం. అబద్ధమేమీ కాదు.

అప్పటికి దవాఖాన నుంచి ఇంటికి వచ్చిన మొగిలమ్మను పక్కింటి వాళ్లు మంచంతో సహా తమ టీవీ ఉన్న గదిలోకి మోశారు. తెర మీద స్వరూప మెడ వంచింది. రాంచందర్ వేళ్లు తడబడ్డాయి, ముడి పడింది. అంతే, మరేమీ లేదు. గులాబీలు కూడా రాలలేదు. మొగిలమ్మ కొంగు మూతికి అడ్డం పెట్టుకుని చూసింది. మళ్లొక్కపారి పెట్టమంది. పెట్టాం. మళ్లీ పెట్టమంది.

కళ్లు తుడుచుకున్నాక ఆమెకు ఒక అనుమానం వచ్చింది. కూతురి వంక కాకుండా నా వంక చూసింది.

"మీ అత్తగారోళ్లు ఒక్కలు గూడ అగుపడ్తలేరేంది బిడ్డా? పెండ్లికి రాలేదా?"

స్వరూప తల వంచుకుంది. ఆ ఇంటి పెద్దకోడలిగా జవాబు చెప్పాల్సింది నేను.

"అందరు వచ్చిండ్రు చిన్నమ్మా. జర పక్కకు జరుగుమన్నం, అంతే."