తప్పుగా వినని చెవులు

"వచ్చే నెలనుంచి మన శాఖలో తప్పుగా వినే చెవి ఒక్కటి కూడా ఉండదు" అని మంత్రిగారు ప్రకటించారు. చప్పట్లు మాత్రం అందరికీ సరిగానే వినిపించాయి.

ఇంగ్లీషులో పడమరకు చెప్పే వెస్టు వేరు, చొక్కా కింద తొడుక్కునే వెస్టు వేరు. ఆ తేడా చెవితో పట్టుకోవడమే శాఖ పెట్టిన పరీక్ష. శాఖలో ఒక టెలిఫోన్ ఆపరేటరుకు ఇది చావుబతుకుల సంగతి. ఆమె ఏళ్ల తరబడి టెంపరరీ. పరీక్ష గట్టెక్కితే పర్మనెంటు, లేకపోతే ఇంటికి.

ఇంట్లో కూతురు చదువుతుంటే కళ్లు మూసుకుని వినేది.

"ఇప్పుడు చెప్పమ్మా, దిక్కా, బనియనా?"

"దిక్కు."

"కాదు, బనియను."

"దిక్కుమాలిన బనియను" అని గొణుక్కుని, మళ్లీ చదవమనేది.

పరీక్ష టేపుకు గొంతు అరువిచ్చే భాగ్యం మంత్రిగారి బావమరిదికి దక్కింది. ఆయన నోట దిక్కూ బనియనూ కవలపిల్లల్లా పుట్టాయి. అయినా హాలంతటికీ నూటికి నూరు వచ్చాయి. ఆపరేటరుకు మాత్రం సున్నా. ప్రతి ప్రశ్నకూ "రెండూ ఒకటే" అని రాసిందామె.

సూపరింటెండెంటు పిలిచాడు.

"ఏమ్మా, బావమరిదిగారి ఉచ్చారణలో తేడా లేదంటావా?"

"ఉండే ఉంటుంది సార్. నా చెవిదాకా రాలేదు."

"ఎవరి చెవిదాకా వచ్చింది కనక? ఎదురుగా మంత్రిగారు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చోలేదూ? తల నిలువుగా ఊగితే దిక్కు, అడ్డంగా ఊగితే బనియను. ఈ ఆఫీసులో ఫైళ్లు కదిలేది ఎలాగనుకున్నావు?"

మంత్రిగారిది జాలిగుండె. ఆమె కోసం తన గదిలోనే మళ్లీ పరీక్ష పెట్టించి, తోడుగా తానూ హెడ్‌ఫోన్లు తగిలించుకున్నారు.

ఆపరేటరు చెవుల్లో ఏ మాటా పడలేదు. బావమరిదిగారు ఇంకా గొంతు సవరించుకుంటున్నారేమో అనుకుంది. అడుగుదామని నోరు తెరిచేసరికి మంత్రిగారి తల నిలువుగా ఊగింది. అడిగితే నిజం తెలుస్తుంది, ఉద్యోగం పోతుంది.

"దిక్కు" అంది.

తల అడ్డంగా ఊగింది.

"బనియను."

చివరిదాకా ఒక్కటీ తప్పలేదు. మంత్రిగారు పరవశించిపోయారు. "శిక్షణంటే ఇదీ" అంటూ పర్మనెంటు ఆర్డరు మీద అక్కడికక్కడే సంతకం చేశారు. పక్కనే నిలబడ్డ సూపరింటెండెంటు కళ్లు ఒత్తుకున్నాడు.

అప్పుడు తలుపు తోసుకుని మైకులవాడు వచ్చాడు, చేతిలో వైరుతో.

"ఆలస్యమైంది సార్, ప్లగ్గు ఇప్పుడే దొరికింది. టేపు మొదలుపెట్టమంటారా?"