ఆటల పెట్టెలో గుడ్లు

సోమవారం పొద్దున హెడ్మాస్టరు దేవేంద్రప్ప ఒక్కటే అనుకున్నాడు: పిల్లల క్షేమం చూడడానికి పదకొండుకు ఆఫీసరు వచ్చేలోగా తరగతి గదిలో కంపు పోవాలి. మూడు వారాలుగా కొడుతోంది. భార్య పోయిన ఈ ఆరేళ్లలో ఆయన ఎవరినీ, దేన్నీ క్షమించలేదు. చచ్చిన ఎలుకను క్షమిస్తాడా?

"యాడో ఎలక చచ్చినట్లుండాది సార్," అంది వంట చేసే జీవమ్మ.

"నన్నడగకుండా బతికిన ఎలకే ఈ బడిలోకి రాదు. సాంబ్రాణి ఎయ్యి, పో."

జీవమ్మ కసితీరా వేసింది. పొగకు ముప్ఫై మంది పిల్లలు దగ్గుతూ, కళ్లు తుడుచుకుంటూ బయటికి పరుగెత్తారు. సరిగ్గా అప్పుడే గుంటూరు నుంచి జీవమ్మ చెల్లెలు ఫోన్ చేసింది. పిల్లల్ని ముసలివాళ్లకు అప్పగించి, ఊళ్లో సగం మంది ఆడవాళ్లు సుగ్గికని, కూలి వలసకు, అక్కడ మిరపకాయలు కోయడానికి పోయి రెండు నెలలైంది.

"ఏంటికక్కా ఆ దగ్గు?"

"పిల్లోల్లే. ఊపిరాడక దగ్గుతాండారు. పప్పు మాడుతాంది, మళ్ల చేస్తా."

మళ్లీ చేయలేదు. మిరప చేలో మొదటి సాలులో దగ్గుగా ఉన్న కబురు మూడో సాలుకు వాంతులైంది. గట్టు చేరేసరికి ఆసుపత్రి అయింది. ఇక్కడ ఆఫీసరు మాత్రం రాలేదు.

మంగళవారం తెల్లారి బడి ముందు రెండు టెంపోల నిండా తల్లులు దిగారు. ఒకామె దేవేంద్రప్ప చొక్కా పట్టుకుంది.

"నా కొడుకు యాడ సార్?"

"ఈడే ఉండాడు. ఎక్కాలు రావు, అంతే."

పిల్లల్ని తడిమి చూసుకున్నారు, ఏడ్చారు, ఏమీ కానందుకు తలా రెండు తగిలించారు. తర్వాత కంపు సంగతి తేలుద్దామని గదంతా వెతికి, ఏళ్లుగా ఎవరూ ముట్టని ఆటల పెట్టె మూత తీశారు. లోపల బంతి లేదు. మధ్యాహ్న భోజనంలో పెట్టే ఉడికిన గుడ్లున్నాయి. ఇరవై మూడు.

"ఎవరిదీ పని?"

రెండో తరగతి శివాని లేచింది. "మా అమ్మకు దాపెట్టినా సార్."

"ఇంటికి తీసకపోవచ్చు గదా!"

"గుడ్డు గేటు దాటితే కాళ్లిరగ్గొడ్తానని మీరే అంటిరి."

అన్నాడు. రోజూ అన్నాడు.

శివాని తల్లుల మొహాలు ఒక్కొక్కటే చూసింది. మళ్లీ మొదటి నుంచి చూసింది.

"మా అమ్మ యాడ?"

చొక్కా పట్టుకున్నామే చెప్పింది. "ఆడ మా చంటోల్లను చూసుకునేకి ఒకరుండాల గదా పాపా. 'మీరు పొండక్కా, నా బిడ్డ గట్టిది' అనింది మీయమ్మ."

దేవేంద్రప్ప శివాని తల్లి నంబరు కలిపి ఫోను పాప చేతికిచ్చాడు. శివాని చాలాసేపు వింది.

"బాగుండానమ్మా. గుడ్లు చెడిపోయినాయి," అని ఫోను తిరిగిచ్చేసింది.

మధ్యాహ్నం ఆయనే గుడ్డు ఒలిచి శివాని పళ్లెంలో పెట్టాడు. ముట్టలేదు. ఆయన అరవలేదు. సాయంత్రం టెంపోలు గుంటూరుకు తిరిగిపోయాయి.

ఆఫీసరు బుధవారం వచ్చి, గుమ్మంలో నిలబడి గాలి పీల్చి, పిల్లల క్షేమం తృప్తికరమని రాసుకుని పోయాడు.