నలభై రెండేళ్ల ఎల్.కె.జి. విద్యార్థి

ఎల్.కె.జి.ని మించిన చదువు ఈ భూప్రపంచంలో లేదు. అనుభవం మీద చెబుతున్నాను. మా అమ్మాయి ఎల్.కె.జి.లో చేరింది, చదువుతున్నది నేను.

నవ్వకండి. పూర్వం పిల్లల్ని బడిలో వేస్తే తల్లిదండ్రులకు తోచేది కాదు. మా బడివాళ్లు అలా కాదు, దయగల మారాజులు. సోమవారం సాయంత్రం పిల్ల సంచిలో ఒక కాగితం పెట్టి పంపుతారు. పైన 'ఆడుతూ పాడుతూ నేర్చుకుందాం' అని ఉంటుంది, కింద వారానికి సరిపడా యాక్టివిటీలు. ఎవరు ఆడాలో, ఎవరు పాడాలో రాయరు. అది మనమే గ్రహించుకోవాలి.

మొన్నటి వారం అంశం తోట. మంగళవారానికి పూల కిరీటం, బుధవారానికి విత్తనం వేసి పెంచిన మొక్క, గురువారానికి అట్ట సీతాకోకచిలుక. సోమవారం చెప్పి బుధవారానికి మొక్క తెమ్మన్నారంటే ప్రకృతి మీద వాళ్లకెంత గురో చూడండి! నాకంత గురి లేక పక్కింటి కుండీలోంచి ఒకటి పీకాను. పక్కింటావిడ చూసి కూడా ఏమీ అనలేదు. ఆవిడ మనవరాలిదీ అదే క్లాసు. అప్పటికే మా కుండీ ఖాళీ అయింది.

ఇక సీతాకోకచిలుక. అట్టా కత్తెరా జిగురూ పట్టుకుని ఆఫీసుకే వెళ్లాను. ఆరేళ్లుగా మాటల్లేని ఇద్దరు గుమాస్తాలు రెక్క మీద ఎన్ని చుక్కలుండాలో మాట్లాడుకున్నారు. మా ఆఫీసరు ఫైళ్లు పక్కకి నెట్టి స్వహస్తాలతో మీసాలు అతికించాడు. ఆయన కూతురు యు.కె.జి., అనుభవం ఉంది. ఇంత ఐకమత్యాన్ని ఏ ట్రైనింగు తేగలదండీ?

రెక్కల అంచులు కత్తిరించడం మిగిలితే ఇంటికి తెచ్చి కూర్చున్నాను. మా అమ్మాయి ఒకటే నస.

"నాన్నా, ఒక్కసారి నాకియ్యవా కత్తెర."

"తప్పుకో తల్లీ, నీ హోంవర్కు పాడైపోతుంది."

ఆ మాట అన్నది నేనే. పాపం, అది కింద పడ్డ ముక్కలు ఏరుకుని, చేత్తో చింపి, తనూ ఒక సీతాకోకచిలుక చేసుకుంది. ఒక రెక్క చేటంత, ఇంకోటి చింతాకంత. అయినా దాన్ని పుస్తకంలో దాచి బడికి పట్టుకెళ్లింది.

శుక్రవారం ప్రదర్శన. గోడ నిండా తండ్రుల కళ, తల్లుల కళ, ఒకటి రెండు చోట్ల తాతల కళ. వాటి ముందు పిల్లలందరూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. ముట్టుకుంటే నలుగుతాయి కదా, అందుకని ముందే చెప్పారు. అప్పుడు మా అమ్మాయి తన సీతాకోకచిలుకను తీసి టీచరమ్మకు అందించింది.

"ఇదెవరు చేశారమ్మా?"

"నేనే టీచర్."

టీచరమ్మ దాని తల నిమిరింది. "అయ్యో, ఇంట్లో ఎవరూ లేరా?" అంది జాలిగా. ఆ సీతాకోకచిలుకను సొరుగులో పెట్టేసింది.

నాకు మొదటి బహుమతి వచ్చింది. అంటే, మా అమ్మాయి పేరు మీద. అందరూ చప్పట్లు కొట్టారు. అది సర్టిఫికెట్టు తెచ్చి నా చేతికిచ్చి, "ఇది నీది నాన్నా" అంది. ఉడుక్కుని అనలేదు, ఉన్న మాట అంది. అందుకుంటే అది నా వేళ్లకు అతుక్కుపోయింది. జిగురు అయ్యుంటుంది.

సర్టిఫికెట్టుతో పాటే వారం రిపోర్టూ ఇచ్చారు. రంగులు గుర్తుపడుతుంది. పాటలు పాడుతుంది. కత్తెర పట్టుకోవడం రాదు, ఇంట్లో పెద్దలు శ్రద్ధ తీసుకోవాలి.

ఎలా వస్తుంది? వారమంతా కత్తెర నా చేతిలోనే ఉంది.

శనివారం పొద్దున్నే కత్తెర దాని చేతికిచ్చి పక్కన కూర్చున్నాను. "ఏం కత్తిరించను?" అంది. ఇల్లంతా వెతికినా ఒక్క అట్టముక్క మిగల్లేదు. బల్ల మీద వచ్చే వారం కాగితం మాత్రం ఉంది. మా ప్రతిభ చూసి ఈసారి ముందే పంపారు. అంశం: 'నా పని నేనే చేసుకుంటాను'. దాని కింద పెద్దలు తయారుచేసి పంపవలసిన వస్తువులు, పదకొండు.

"ఇదిగో, ఇది" అన్నాను.

నాలుక బయటపెట్టి, ఊపిరి బిగబట్టి, నెమ్మదిగా కత్తిరించింది. గీత వంకరటింకరగా పోయింది. ఆ వారం మొత్తంలో మా ఇంట్లో అంత చక్కటి పని ఇంకెవరూ చేయలేదు.