కార్యక్రమం ప్రకారం ఎండ

ఓడ రేవులో ఆగిన ఆ రోజున ఎండ కాసినట్టు అధికారికంగా ప్రకటించడమైనది. తెల్లవారినప్పటినుంచి ఎడతెరిపి లేకుండా కురుస్తున్న వాన ఈ ప్రకటనకు ఏ విధంగానూ అడ్డు రాలేదు.

వినోదాధికారి మైకులో చెప్పింది ఇదీ: "ప్రియమైన దంపతులారా, కార్యక్రమం ప్రకారం ఈ రోజు మనకు తీరంలో ఎండ. బయట కనిపిస్తున్నది తాత్కాలికం. దయచేసి కిటికీల తెరలు వేసుకుని సహకరించండి. నల్ల కళ్ళద్దాలు తెచ్చుకోనివారికి మూడో అంతస్తులో అద్దెకు దొరుకుతాయి."

అది దంపతుల విహారయాత్ర. కలిసి ఆనందించడానికి ముందుగానే రుసుము చెల్లించి ఎక్కినవాళ్ళు గనక అందరూ సహకరించారు. నిజమైన సముద్రం కనపడకుండా తెరలు దించి, భోజనాల హాల్లో గోడకు సముద్రం బొమ్మ ఉన్న గుడ్డ కట్టారు. బల్లలు పక్కకు లాగి ఇసుక పోశారు. పెళ్ళి వీడియోలకు వాడే పెద్ద దీపాలు వెలిగించి, సముద్రపు గాలికి ఫ్యాను పెట్టి, ఒంటికి రాసుకోవడానికి ఎండ క్రీము పంచారు. దీపాల వేడికి ఒకాయన మొహం నిజంగానే కందిపోతే, చుట్టుపక్కలవాళ్ళు ఆయన చెయ్యి పట్టుకుని అభినందించారు. ఒకావిడ మాత్రం కౌంటరు దగ్గరికి వెళ్ళి గొడుగు అడిగింది. ఎండ గొడుగు కావాలంటే ఇస్తామనీ, వాన గొడుగు ఇస్తే వాన ఉందని యాజమాన్యమే ఒప్పుకున్నట్టవుతుందనీ ఆవిడకు మర్యాదగా వివరించారు.

గొడుగు అడిగినావిడ మనకు కావలసిన మనిషే. మన కుటుంబ గ్రూపులో అందరికీ అక్కయ్య. ఆవిడ భర్తను మనమంతా ప్రకటనల బావగారంటాం. ప్రచార శాఖలో పనిచేసి రిటైరైన పెద్దమనిషి. మర్నాడు జరగబోయే సభ దిగ్విజయంగా జరిగిందని ముందురోజే రాసి పత్రికలకు పంపడం ఆయన ఉద్యోగం. పునాది కూడా తియ్యని వంతెన మీద ప్రజల చేత హర్షం వ్యక్తం చేయించిన చెయ్యి అది. సభ రద్దయితే కావచ్చు గానీ వార్త రద్దు కాకూడదన్నది ఆయన సిద్ధాంతం. ఆ అలవాటు ప్రకారమే ముందురోజు గ్రూపులో పెట్టేశారు: "బంగారు ఎండలో, ఇసుక తీరాన, నేనూ మీ అక్కయ్యా. ఫొటో త్వరలో." మనం కూడా ఊరుకోలేదు. ఎండలో టోపీ పెట్టుకోమని, మంచినీళ్ళు ఎక్కువ తాగమని, వాన చప్పుడు వింటూ కూర్చున్న దంపతులకు రకరకాల సలహాలు పంపాం.

"ఏవండీ, కిందికి దిగి ఓ గంట తిరిగొద్దామా?" అంది అక్కయ్య గదిలో. "మెట్లు దిగితే ఊరే కదా. పెళ్ళైన కొత్తలో అన్నారు, ఎప్పుడైనా మననెవరూ ఎరగని ఊళ్ళో, ఏ పనీ పెట్టుకోకుండా నడుద్దామని."

"నడుద్దాంలే. ముందు ఆ ఫొటో పని కానీ."

"ఫొటో ఎక్కడికి పోతుందండీ. రేపు తెల్లారేసరికి ఓడ కదిలిపోతుంది."

"ఎండ అని రాశానే. నువ్వు తడిసిన తలతో కనిపిస్తే మీవాళ్ళ ముందు నా మాట ఏమవుతుంది?"

"వాన పడిందని రాయండి."

"నా సర్వీసు మొత్తం మీద సవరణ అన్నది ఒక్కటీ వెయ్యలేదు," అన్నారు బావగారు. ఆ మాట ఆయన ఎంతో బాధ్యతగా అన్నారు.

అక్కయ్యకు కోపం రాలేదు. దిగులేసింది. ఇన్నేళ్ళలో ఆవిడ ఆయన్ని అడిగిన విహారం ఇదొక్కటే, అదీ ఓడ టిక్కెట్టులో లేనిది. ఓడ మెట్ల దగ్గర కాపలా ఉన్న మనిషిని అడిగి రెయిన్‌కోటు తీసుకుని, ఒక్కతే దిగి వెళ్ళింది.

ఇక్కడ ఫొటోకు భార్య లేని లోటు ఏర్పడింది. ఓడ ఫొటోగ్రాఫరు ఏమాత్రం కంగారుపడలేదు. "అమ్మగారికి తల తిరుగుతోందా అండీ? పర్వాలేదు, బొమ్మ ఉంది," అన్నాడు. సముద్రం పడక వాంతులతో మంచమెక్కే భార్యల సౌకర్యార్థం, ఓడలోని బట్టల దుకాణం ముందుండే ప్లాస్టిక్ బొమ్మను ఫొటోలకు ఇవ్వడం అక్కడ ఎప్పటినుంచో ఉన్న ఏర్పాటే. మొదట్లో భర్తల కోసం కూడా ఒక బొమ్మను పెట్టారట. ప్రాణం మీదికి వచ్చినా ఫొటో అనేసరికి మగవాళ్ళు లేచి వచ్చేస్తున్నారని దాన్ని తీసేశారు.

బొమ్మకు టోపీ, నల్ల కళ్ళద్దాలు, పూల గౌను తొడిగి బావగారి పక్కన నిలబెట్టారు. ఆయన దాని భుజం మీద చెయ్యి వేశారు. ఫొటో గ్రూపులోకి వచ్చింది. తర్వాతి సంగతి మీకు తెలిసిందే. "అక్కయ్య పదేళ్ళు తగ్గింది" అన్నాం. "ఎంత ప్రశాంతంగా ఉందో, బావగారు పువ్వుల్లో పెట్టి చూసుకుంటున్నారు" అన్నాం. సొంత చెల్లెలు "మా అక్క ఎప్పుడూ ఇంతే, నోట్లో నాలుక లేని మనిషి" అని రాసి కన్నీళ్ళ బొమ్మ పెట్టింది.

మధ్యాహ్నం ఆదర్శ దంపతుల పోటీ జరిగింది. భార్యాభర్తల మధ్య మాట మీద మాట పెరగకుండా ఎవరు ఎక్కువసేపు వేదిక మీద ఉండగలరన్నది పరీక్ష. మిగతా జంటలు రెండో ప్రశ్నకే దిగిపోయాయి. ఒక జంట దిగాక కూడా ఆగలేదు. బావగారూ బొమ్మా చివరిదాకా నిలిచారు. వినోదాధికారి గద్గద స్వరంతో ప్రసంగించాడు: "భర్త చెప్పిన ఏ జవాబుకూ ఈ మహాతల్లి అడ్డు తగల్లేదు. ఆయన జోకులు విన్నవే మళ్ళీ విన్నా విసుక్కోలేదు. వాచీ వైపు చూడలేదు. ఇలాంటి ఇల్లాలు ఇంటింటికీ ఉండాలి." చప్పట్లు మోగాయి. భార్యలు కూడా కొట్టారు.

అదే సమయానికి అక్కయ్య వాన కారుతున్న ఒక సందులో, టీ కొట్టు చూరు కింద స్టూలు మీద కూర్చుని ఉంది. కొట్టు నడిపే ఆవిడ భాష ఈవిడకు రాదు. అయినా ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. తడిసిన చెప్పులు చూపించి ఒకరు, కారుతున్న రేకులు చూపించి ఒకరు కడుపుబ్బ నవ్వుకున్నారు. అక్కయ్య ఫోను తీసుకుని ఆవిడే ఒక ఫొటో తీసింది. జుట్టంతా నుదుటికి అంటుకుపోయి, కళ్ళు చిన్నవై, అక్కయ్య పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతున్న ఫొటో. లేచేటప్పుడు, అలవాటు చొప్పున, ఆయన కోసం ఇంకో టీ కట్టించుకుంది.

తిరిగి వచ్చేసరికి మెట్ల దగ్గర కాపలా మనిషి మారాడు. అక్కయ్య తన గది నంబరు చెప్పింది.

"ఆ గది దంపతులు లోపలే ఉన్నారమ్మా. ఇప్పుడే బహుమతి కూడా తీసుకున్నారు," అన్నాడు కొత్తతను. అక్కయ్య కార్డు చూపించింది. కార్డులోని మనిషి పొడిగా ఉందని అతను గమనించాడు. నియమం ప్రకారం భర్తగారికి కబురు పెట్టాడు.

బావగారు మెడలో రిబ్బను, చేతిలో కప్పుతో వచ్చారు. వెనకే వినోదాధికారి, అభినందించడానికి వచ్చిన జనం. "ఈవిడ ఎవరండీ?" అని వినోదాధికారి అడిగాడు.

బావగారు నీళ్ళోడుతున్న భార్య వైపు చూశారు. జనం వైపు చూశారు. గొంతు సవరించుకున్నారు. ఆయన నోరు తెరిచే ముందు కాస్త ఆగారన్నది వాస్తవం. ఆ కాస్తలో అక్కయ్యకు ఇంకా ఆశ ఉంది.

"తెలిసినావిడే," అన్నారు. "లోపలికి రానివ్వండి."

అక్కయ్య చేతిలోని టీ ఆయనకిచ్చింది. "చల్లారిపోయినట్టుంది," అని మాత్రం చెప్పి లోపలికి నడిచింది.

ఆ సాయంత్రం విజేతల బల్ల దగ్గర రెండే కుర్చీలు వేశారు. బావగారు ఒకదాంట్లో, బొమ్మ ఒకదాంట్లో కూర్చున్నారు. అక్కయ్య దూరంగా ఇంకో బల్ల దగ్గర హాయిగా భోంచేసి, గదికి వెళ్ళి తల తుడుచుకుని, టీ కొట్టు దగ్గర తీయించుకున్న ఫొటోను గ్రూపులో పెట్టింది. కింద "ఇది నేను" అని రాసింది.

తర్వాత గ్రూపు అడ్మిను, అంటే అక్కయ్య ఎత్తుకు పెంచిన తమ్ముడు, ఆ ఫొటో తీసేసి సభ్యులకు ఒక విజ్ఞప్తి చేశాడు: "ముక్కూ మొహం తెలియనివాళ్ళ ఫొటోలు పెట్టకండి. ఇది కుటుంబ గ్రూపు. అక్క ఫోను ఎవరి చేతిలోనో పడినట్టుంది, బావగారు గమనించగలరు."

ఆ విజ్ఞప్తికి మనమందరం బొటనవేళ్ళెత్తి మద్దతు తెలిపాం. బొమ్మ ఫొటో కింద మీరు పెట్టిన పూలగుత్తి ఇప్పటికీ అక్కడే ఉంది, వాడకుండా.